బ్రెడ్‌బోర్డు పర్వము

అవతారిక

కావ్యానికి పద్దెనిమిది వర్ణనలు ఉండాలని మన ఆలంకారికులు ఎప్పుడో లెక్కగట్టి పెట్టారు. నగరం, శైలం, సముద్రం, చంద్రోదయం, ప్రయాణం, యుద్ధం, నాయకాభ్యుదయం, ఇట్లా పెద్ద పద్దు. ఆ పద్దులో రెసిస్టర్‌కు చోటు దక్కలేదు. జీరో బోర్డుకు దక్కలేదు. ఫైనలియర్ ఈసీఈ విద్యార్థుల మేజర్ ప్రాజెక్టు ఊసే లేదు. పెద్దలు విడిచిపెట్టిన ఆ పంతొమ్మిదో వర్ణనను నల్లగొండ, పాలమూరు సీమల నడుమ నిలబెట్టి పూరించడానికే ఈ వచన కావ్యం.

మొదట ఇష్టదేవతా ప్రార్థన. పురాణాల్లో ఎనిమిది కాళ్ల మృగం శరభం. ల్యాబుల్లో ఎనిమిది కాళ్ల మృగం 555 టైమర్. స్విట్జర్లాండ్‌లో పుట్టిన హాన్స్ కామెంజిండ్ 1971లో గీసిన ఆ నల్లని చిరుశరభాన్ని సిగ్నెటిక్స్ కంపెనీ 1972లో బజారుకు తెచ్చింది. ఒక ఎల్‌ఈడీని మినుకుమినుకుమనిపించి ‘వచ్చింది రా, ఔట్‌పుట్ వచ్చింది!’ అని తొలిసారి కేక వేయించిన దైవం అదే. దానికి దండం.

తరువాత రాజవంశ కీర్తన. ఇటలీలో ఇవ్రేయా అనే ఊరి దొర ఆర్డూయిన్ 1002లో ఆ దేశానికి రాజయ్యాడు. రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడికి పట్టం కట్టడానికి ఇంకా ఇరవై ఏళ్లుంది. రాజరాజు పేరును నన్నయ భారతం నిలబెట్టింది. ఆర్డూయిన్ రాజ్యం పోగొట్టుకుని మఠంలో చేరి కన్నుమూశాడు, ఆయన పేరును నిలబెట్టింది ఇవ్రేయాలోని ఒక బార్. 2005లో అక్కడి డిజైన్ బడి మాస్టర్లు విద్యార్థుల కోసం ఒక చవక సర్క్యూట్ బోర్డు చేసి, తాము కూర్చునే ఆ బార్ పేరే దానికి ‘ఆర్డుయినో’ అని పెట్టారు. అట్లా ఒక ఇటలీ రాజు నల్లగొండ హాస్టల్ గదిలో, బనియన్లు ఆరేసిన దండెం కింద, నీలవర్ణంతో కొలువుతీరాడు. ఆయన రాజ్యం 32 కిలోబైట్ల ఫ్లాష్. కోశాగారం 2 కిలోబైట్ల ర్యామ్. గుండె సెకనుకు కోటీ అరవై లక్షల సార్లు కొట్టుకుంటుంది. ఇంతటి మహారాజు యూఎస్‌బీ తీగ కొంచెం కదిలితే చాలు, మూర్ఛపోతాడు.

ఇక పూర్వకవి స్తుతి. ఈ సీమలో యంత్రకావ్యానికి ఆదికవి చింతకింది మల్లేశం. ఊరు ఆలేరు మండలం శారాజీపేట, అప్పట్లో నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. చదువు ఆరో తరగతితో ఆగింది. పోచంపల్లి చీరకు ఆసు పోయడమంటే అర్ధచంద్రాకారంలో పాతిన మేకుల మీదికి చెయ్యి చాచి చాచి దారాన్ని తిప్పడం, ఒక్క చీరకు వేలసార్లు. ఆ తిప్పుడుకు తల్లి లక్ష్మి భుజం పడిపోతుంటే చూడలేక 1992లో యంత్రం మొదలుపెట్టాడు. 1999లో పూర్తిచేశాడు. పేరు లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. ఆయన ప్రాజెక్టుకు గైడు లేడు, రివ్యూలు లేవు, స్పైరల్ బైండింగ్ లేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ మాత్రం ఉంది, అది తల్లి భుజం. నొప్పి తగ్గితే పాసు, తగ్గకపోతే ఫెయిలు. పవర్‌పాయింట్‌తో దాన్ని ఒప్పించడం కుదరదు.

కుకవి నింద కూడా సంప్రదాయమే. హైదరాబాద్‌లో ప్రాజెక్టులు వండి వార్చే దుకాణాలున్నాయి. డబ్బు కడితే సర్క్యూటు, కోడు, బైండు చేసిన రికార్డు, వైవా ప్రశ్నలకు జవాబులు, అన్నీ ఒకే కవర్లో పెట్టి ఇస్తారు. ఒకే కావ్యం పది కాలేజీల్లో పది కవిచతుష్టయాల పేర్లతో ఆవిష్కరణ జరుపుకుంటుంది. పోయిన ఏటి కవుల పేర్లు లోపలి పేజీల్లో ఎక్కడో చెరగకుండా మిగిలిపోతే అది ప్రక్షిప్తమని సరిపెట్టుకోవాలి.

పురవర్ణన

నీలగిరి అని పూర్వనామం గల నల్లగొండకు రెండు గుట్టలు కాపలా. ఒకటి లతీఫ్ సాహెబ్ గుట్ట, రెండోది కాపురాల గుట్ట. మేరు మందరాలు వీటికంటే ఎత్తే కావచ్చు, వాటి పక్కన క్లాక్‌టవర్ సెంటర్ మాత్రం లేదు. ప్రబంధానికి సముద్ర వర్ణన కావాలి కదా, సముద్రం లేని జిల్లాలో ఎట్లా అని కందూరు చోడులు ముందే ఆలోచించినట్టున్నారు. పానగల్లులో చెరువు తవ్వించి ఉదయసముద్రమని పేరు పెట్టి పోయారు. ఆ పానగల్లులోనే ఛాయా సోమేశ్వరాలయం. స్తంభాల మధ్య నుంచి చెదిరి వచ్చే వెలుతురులో లింగం వెనక ఒక నీడ నిలుస్తుంది. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు నడిచినా ఆ నీడ పక్కకు జరగదు. వెలుతురును కొలిచే ఎల్‌డీఆర్ పట్టుకుని తిరిగే విద్యార్థులకు ఇంతకంటే పెద్ద వైవా ప్రశ్న దొరకదు. శిల్పులు దానికి జవాబు రాతిలో పెట్టారు, రికార్డు సబ్మిట్ చెయ్యలేదు.

పడమటన పాలమూరు. అక్కడ పిల్లలమర్రి, ఎకరాల కొద్దీ ఊడలు దించి, ఏది మొదలో ఏది కొమ్మో తెలియకుండా అల్లుకున్న మహావృక్షం. మొదటిసారి వైరింగ్ చేసిన బ్రెడ్‌బోర్డును చూసినవారికి ఆ చెట్టు, ఆ చెట్టును చూసినవారికి బ్రెడ్‌బోర్డు గుర్తుకు రాక మానవు. నల్లగొండకు 2007లో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మరుసటేడు పాలమూరుకు పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. హైవేల పొడుగునా పత్తి చేలను ఆనుకుని ఇంజనీరింగ్ కాలేజీలు అంతకుముందే మొలిచాయి. మన కథ అట్లాంటి ఒక కాలేజీలోది.

చతురంగ బలాలు

యూనివర్సిటీ శాసనం ప్రకారం బ్యాచుకు నలుగురు.

నాయకుడు దేవరకొండ దిక్కు బత్తాయి రైతు కొడుకు. ధీరోదాత్తుడా, ధీరలలితుడా అని ఆలంకారికులు తగవు పడనక్కర్లేదు. చూపుడువేలి మీద సోల్డరింగ్ ఐరన్ మచ్చ ఉంది, అదే లక్షణం.

రెండోవాడు కల్వకుర్తి వాడు. తాత పాలమూరు లేబరు. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా ఆ మట్టిలో పాలమూరు చెమట ఉంటుందని పేరు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన నాగార్జునసాగర్‌లో ఆ తాత తట్టలు మోశాడు. తాత ప్రాజెక్టుకు 26 గేట్లు. మనవడి ప్రాజెక్టుకు ఒక్కటే గేటు, అదీ పద్నాలుగు కాళ్ల ఐసీలో నాలుగో వంతు. పవర్ సప్లై శాఖ ఇతనిది.

మూడో వీరురాలు జడ్చర్ల అమ్మాయి. కోడు రాసేది ఈమె. సెమీకోలన్ ఒక్కటి తప్పితే కంపైలర్ ఎర్రబడి తిట్టే తిట్లన్నీ చిరునవ్వుతో వినగల శాంతమూర్తి. మనుషులు వైర్లు తప్పుగా పెట్టి కోడు మీదికి నెట్టితే మాత్రం ఈమె శాంతం చెల్లదు.

నాలుగోవాడు ఉత్తరకుమారుడు. విరాటపర్వంలో వలెనే అంతఃపురంలో కూర్చుని కౌరవసేన మొత్తాన్ని జయించగలడు. డాక్యుమెంటేషన్ ఇతనిది. అబ్‌స్ట్రాక్టు కంటే ముందే అక్‌నాలెడ్జ్‌మెంట్ పూర్తిచేశాడు.

ఈ నలుగురూ తలపెట్టిన మహాకార్యం పేరు ‘జీఎస్‌ఎం బేస్డ్ ఇంటెలిజెంట్ అగ్రికల్చరల్ మోటర్ కంట్రోల్ అండ్ డ్రైరన్ ప్రొటెక్షన్ సిస్టమ్ యూజింగ్ ఆర్డుయినో’. టైటిల్ పేజీలో పట్టక అక్షరాల సైజు రెండుసార్లు తగ్గించారు. పండక్కి ఇంటికి పోయినప్పుడు నాయకుడు ఈ బిరుదావళినంతా గుక్క తిప్పుకోకుండా చదివితే, వాళ్ల నాయిన బీడీ నలుపుతూ అడిగిండు: ‘సెల్ స్టార్టరా?’

దండయాత్ర

తెల్లవారకముందే బస్సు కదిలింది. నార్కట్‌పల్లి దాటింది, చిట్యాల దాటింది, చౌటుప్పల్‌లో చాయ్‌కి ఆగింది. ఎల్బీనగర్ నుంచి ట్రాఫిక్ అనే వైతరణి మొదలైంది. మహాత్మా గాంధీ బస్ స్టేషన్‌లో దిగి, కోఠి చేరి, గుజరాతీ గల్లీ అనే పద్మవ్యూహంలోకి సేన జొరబడింది. ఆ గల్లీలో లోకంలోని సమస్త ఎలక్ట్రానిక్ భూతగణం చిన్న చిన్న డబ్బాల్లో బంధించి ఉంటుంది. పైకప్పు దాకా అరలు, అరల నిండా ఐసీలు, తోరణాల్లా రిబ్బన్ కేబుళ్లు, పుర్రెల దండల్లా ట్రాన్స్‌ఫార్మర్లు.

‘భయ్యా, టెన్ కే రెసిస్టర్లు.’

‘ఎన్ని గావాలె?’

‘రెండు.’

దుకాణదారు చూసిన చూపును వర్ణించడానికి ఆదిశేషుడి వేయి నాలుకలూ చాలవు. రెండు రెసిస్టర్ల కోసం వంద కిలోమీటర్ల దండయాత్ర చేసిన రాజును ఆయన ఆనాడే మొదటిసారి చూడలేదు, రోజూ చూస్తూనే ఉన్నాడు. కాగితపు పట్టీకి అంటించిన రెసిస్టర్ల పేట నుంచి పది చించి, కవర్లో వేసి, కవరు మీద బాల్‌పెన్నుతో ‘10కే’ అని రాసి ముందుకు నెట్టాడు. కవర్ల మీది ఆ రాతలే ఈ గల్లీ తాళపత్రాలు. బస్సులో కవర్లు చిరిగి అన్నీ కలిసిపోయాక వాటి విలువ తెలుస్తుంది.

అస్త్రవిద్య

ఇప్పుడు రెసిస్టర్‌కు ఆపాదమస్తక వర్ణన. బియ్యపుగింజ కంటే కొంచెం పొడవు. ఇరుపక్కలా వెండితీగల చేతులు. సన్నని నడుముకు నాలుగు వడ్డాణాలు: గోధుమ, నలుపు, నారింజ, బంగారం. మొదటి రెండు వడ్డాణాలు అంకెలు చెబుతాయి, మూడోది సున్నాల లెక్క, నాలుగోది శీలం. బంగారు వడ్డాణం పెట్టుకున్నది చెప్పిన మాట మీద నూటికి ఐదు పాళ్లు అటూ ఇటూ జారుతుంది. నారింజ స్థానంలో ఎరుపుంటే పది వేల ఓంలు వెయ్యి ఓంలవుతాయి. హాస్టల్ గది పాత ట్యూబ్‌లైటు కింద, అర్ధరాత్రి, ఎరుపుకూ నారింజకూ ఎంత తేడా ఉంటుందో అనుభవించిన వాళ్లకే తెలుసు.

ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్ ముక్కోపి. ఒంటి మీద తెల్లచార, ఆ పక్క కాలు మైనస్. నెత్తిన గంటు పెట్టి ఉంటుంది. కోపమొస్తే అక్కడే పగలమని తయారుచేసినవాడే గీసిచ్చిన గీత అది. తిప్పి పెట్టి కరెంటిస్తే దుర్వాసుడు శాపం ఇవ్వడానికి తీసుకున్నంత సమయం కూడా తీసుకోదు. టప్‌మని పేలి, వెండికాగితం పేలికలు దండెం మీది బనియన్ల దాకా ఎగురుతాయి.

సోల్డరింగ్ ఐరన్ ఆగ్నేయాస్త్రం. తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు కలిసిన తీగ 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరుగుతుంది. ఆ లోహాలు విడివిడిగా అంత తొందరగా కరగవు. మొన చురుక్కుమంటుంది, రోజిన్ పొగ సన్నగా లేస్తుంది, గుడి ధూపంలాంటి వాసన వస్తుంది. అతుకు సరిగ్గా పడితే చిన్న కొండలా వాలి మెరుస్తుంది. చెయ్యి వణికితే మసకబారి గోళీలా ముద్దకడుతుంది. ఆ ముద్దను కోల్డ్ జాయింట్ అంటారు. చూపుకు అంటుకున్నట్టే ఉండి లోపల అంటుకోని ఆ అతుకు, గొడవపడ్డాక చేతులు కలిపిన దాయాదుల సఖ్యం వంటిది. వైవా నాడే విడిపోతుంది.

బ్రెడ్‌బోర్డుకు 830 రంధ్రాలు. దేవేంద్రుడి వేయి కళ్లకు నూటడెబ్బై తక్కువ. బ్యాచంతా నిద్రపోయాక మన నాయకుడు ఒంటరిగా దాని ముందు కూర్చుని, తీగలు ఒక్కొక్కటీ నొక్కుతూ, దండకం ఎత్తుకున్నాడు:

శ్రీ శ్వేతగాత్రా! సహస్రాక్ష! ఓ బోర్డ! నీలోన నెన్నెన్ని రంధ్రంబు లున్నాయి, వాటన్నిటన్ దేనిలో తీగ నిల్చేను తండ్రీ! యటన్ చీమ తుమ్మంగ నూడేటి జంపర్ల తీగల్ని కాపాడి మా వైవ గండంబు దాటింపుమో దేవ! నీకిన్ నమస్తే నమస్తే నమః!

సంకుల సమరం

జీఎస్‌ఎం మాడ్యూల్ తిండిలో బకాసురుడు. మామూలు వేళల్లో గుట్టుగా ఉంటాడు. టవర్‌తో మాట్లాడే క్షణంలో మాత్రం రెండు ఆంపియర్ల దాకా ఒక్క గుక్కలో అడుగుతాడు. ఆ గుక్క సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, కానీ ఆ లోపల బండెడన్నం అందకపోతే సొమ్మసిల్లుతాడు. మన సేన అతనికి పాత ఫోన్ చార్జర్ పెట్టింది. మాడ్యూల్ లేస్తుంది, లైటు గబగబా మినుకుమంటుంది, టవర్ కోసం నోరు తెరుస్తుంది, పడిపోతుంది. మళ్లీ లేస్తుంది. మళ్లీ పడుతుంది. లైటు మూడు సెకన్లకోసారి తాపీగా మినుకుమంటే నెట్‌వర్క్ దొరికినట్టు. ఆ మూడు సెకన్ల వ్యవధి కోసం నలుగురు ఊపిరి బిగబట్టి చూస్తారు. ఒకటి... రెండు... టుక్కున మళ్లీ గబగబా.

‘కోడ్‌ల ఏదో తప్పున్నది,’ అన్నాడు ఉత్తరకుమారుడు.

జడ్చర్ల అమ్మాయి తలెత్తి చూసింది. అతడు జిరాక్సు పని గుర్తొచ్చిందని లేచి పోయాడు.

మొదటి దోషం సిమ్ములో దొరికింది. ఆ మాడ్యూల్‌కు 2జీ తప్ప రాదు, హాస్టల్‌లో అందరి సిమ్ములూ 4జీ తప్ప ఎరగని కంపెనీవి. కల్వకుర్తి వాడు ఊరికి పోయి, వాళ్ల అవ్వ కీప్యాడ్ ఫోన్ సిమ్ము బతిమాలి తెచ్చాడు. ‘నా ఫోన్ల సిమ్ము ఎందుకురా నీకు?’ అని అవ్వ అడిగితే, ‘మోటరుకు మాట్లాడొస్తదవ్వా’ అన్నాడట. మనవడి చదువు మీద ఆమెకున్న నమ్మకం ఆ రోజుతో కొంత సడలింది.

రెండో దోషం నేలలో ఉంది. ఆర్డుయినో మహారాజు నోరు మాడ్యూల్ చెవికి, మాడ్యూల్ నోరు మహారాజు చెవికి కలిపారు. అయినా తెర మీద తలకిందుల ప్రశ్నార్థకాలు, చతురస్రాలు, ఏ లిపికీ చెందని శాసనాలు. ఇద్దరి గ్రౌండు తీగలు కలపలేదు. ఐదు వోల్టులంటే నేల నుంచి ఐదు. ఇద్దరికీ కింద నేల ఒకటి కానప్పుడు ఎవరి ఐదు ఎవరికి తెలుస్తుంది? ఒక నల్ల తీగ కలపగానే శాసనం చదవదగిన భాషలోకి వచ్చింది. తెర మీద ‘ఓకే’ అని రెండక్షరాలు. కురుక్షేత్రంలో పాంచజన్యం మోగినప్పుడు కూడా ఇంత కేక లేచి ఉండదు.

ఆకలి సంగతి మాత్రం తెగలేదు. మాడ్యూల్ అవ్వ సిమ్ముతో కూడా సొమ్మసిల్లుతూనే ఉంది. చార్జర్ మార్చారు, తీగలు మార్చారు, దిక్కు మార్చి కూర్చున్నారు. చెదలు పట్టిన పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలు వేలాడగట్టి మందు ఎక్కించినట్టు, ఆ బోర్డు చుట్టూ నాలుగు చార్జర్లు వేలాడుతున్నాయి. అప్పుడు పవర్ సప్లై శాఖ నోరు విప్పింది.

‘అరే, బోరు సన్నగ పోస్తుంటె మడి ఎట్ల తడుపుతం?’

‘తొట్టి కట్టుకుంటం. నిండినంక ఒక్కసారె ఇడుస్తం.’

‘మరి గదే కదరా!’

1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్ మాడ్యూల్ ఒడి పక్కనే అతికారు. చార్జర్ నెమ్మదిగా నింపుతుంది, మాడ్యూల్ ఒక్క గుక్కలో తాగుతుంది. లైటు గబగబ మాని తాపీ పట్టింది. ఒకటి, రెండు, మూడు, మినుకు. ఒకటి, రెండు, మూడు, మినుకు. సాగర్ కట్టిన తాత మనవడు చిటికెన వేలంత జలాశయంతో ఆ సమరాన్ని ముగించాడు.

సభాపర్వం

వైవా నాడు ల్యాబు స్వయంవర మండపమైంది. అడ్డమొస్తే పక్కకు తిరిగే రోబో ఒక దిక్కు. నల్లగీత వెంబడి నడిచే బండి ఒక దిక్కు, అది కిటికీలోంచి ఎండ పడగానే దారి తప్పి గోడకు గుద్దుకుంటోంది. అంధుల చేతికర్ర ఇంకో దిక్కు. దాని ముందున్న రెండు కళ్లు నలభై కిలోహెర్ట్జ్ శబ్దాన్ని వదిలి ప్రతిధ్వని కోసం కాచుకుంటాయి, సెంటీమీటరుకు 58 మైక్రోసెకన్ల లెక్కన దూరం కడతాయి, ఎగ్జామినర్ వస్తున్నాడని అందరికంటే ముందు కూత పెడతాయి.

మన సేన వంతు వచ్చింది. మోటరు స్థానంలో ఒక బల్బు, స్టార్టరు స్థానంలో ఒక రిలే. అవ్వ సిమ్ముకు ఫోను కొట్టారు. టక్. బల్బు వెలిగింది. మళ్లీ కొట్టారు. టక్. ఆరింది. ఎక్స్‌టర్నల్ తల ఊపి అడిగారు:

‘సెల్ స్టార్టర్లు బయట దొరుకుతున్నాయి కదా, ఇందులో కొత్తేముంది?’

ఉత్తరకుమారుడు గాండీవం ఎక్కుపెట్టాడు. ‘సార్, ఇట్ ఈజ్ ఐఓటీ బేస్డ్, స్మార్ట్, ఇంటెలిజెంట్...’ అని మొదలుపెట్టి, ‘ఇంటెలిజెన్స్ ఎక్కడుంది?’ అన్న రెండో బాణానికి రథం దిగి పరుగు అందుకున్నాడు. జడ్చర్ల అమ్మాయి పగ్గాలు పట్టింది. ‘నీళ్లుంటే మోటరు ఎక్కువ కరెంటు తీసుకుంటది సార్. బోరు ఎండితే బరువు తగ్గి కరెంటు పడిపోతది. ఆ పడిపోవడాన్ని చూసి మేం మోటరు బంద్ చేస్తం.’ ఎక్స్‌టర్నల్ కెపాసిటర్ మీద వేలు పెట్టి ఇది ఎందుకన్నారు. కల్వకుర్తి వాడు తొట్టి గురించి చెప్పాడు. ఆయన నవ్వి సంతకం పెట్టారు. మార్కులు బాగానే పడ్డాయి. మామూలు కావ్యమైతే ఇక్కడ పుష్పవృష్టి కురిసి కథ ముగిసేది.

బాయికాడ

‘మీ సార్లకు బల్బు సూపెట్టిండ్రు,’ అన్నాడు నాయకుడి తండ్రి. ‘నాకు నీళ్లు సూపెట్టుండ్రి.’

ఈ సీమ రైతుకు సెల్ స్టార్టరు వింత కాదు. కరెంటు ఎప్పుడొస్తదో తెలియని కాలంలో అర్ధరాత్రి చీకట్లో బాయికాడికి పోయి, పాము కరిచి, షాకు తగిలి మనుషులు పోయిన ఊళ్లు ఇవి. ఆ భయానికే కరెంటు రాగానే మోటరు వేసే ఆటోస్టార్టర్లు వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చాక వాటిని తీసెయ్యమని సర్కారే చెప్పింది. ఇప్పుడు భయం కరెంటు గురించి కాదు, కింద నీళ్ల గురించి. రాతినేలలో బోరు ఆగి ఆగి పోస్తుంది. పోయని వేళ మోటరు ఒట్టిగా తిరిగి కాలితే వైండింగుకు వేలు పోతాయి.

‘ఫీజులు తీసినంక ముట్టుకోరా!’ అని తండ్రి కేకేశాడు. స్టార్టర్ డబ్బా తెరిచారు. అది ఐదు హెచ్‌పీ మోటరు, త్రీఫేజు. నిండా నీళ్లు తోడేటప్పుడు ఏడెనిమిది ఆంపియర్లు. పచ్చ బటన్‌కు ఒక రిలే, ఎర్ర బటన్‌కు ఒక రిలే తగిలించారు. ఫోన్ కొట్టారు. మోటరు గుర్రుమంది, పైపు దగ్గి నీళ్లు కక్కింది. మళ్లీ కొట్టారు. కాంటాక్టర్ ధడ్‌మని వదిలింది. ఆ ఒక్క ధడ్‌తో ఆర్డుయినో మహారాజు కొయ్యబారిపోయాడు. తరువాత ఎన్ని ఫోన్లు కొట్టినా పలుకు లేదు. బల్బు ముందు చక్రవర్తి, కాంటాక్టర్ ముందు బొమ్మ.

దేవరకొండలో మోటర్ వైండింగ్ చేసే మేస్త్రి దగ్గరికి బోర్డు పట్టుకుపోయారు. ఆయన ఏ ప్రశ్నా అడగలేదు. ‘కాయిలు ఇడిసినప్పుడు ఎదురు తన్నుతది. దాని మీద కండెన్సర్ ఎయ్యిండ్రి,’ అన్నాడు చేతి పని ఆపకుండానే. వంద ఓంల రెసిస్టర్, దాని వెనకే ఎక్కువ వోల్టేజీ తట్టుకునే 0.1 మైక్రోఫారడ్ల కెపాసిటర్ కలిపి కాయిలుకు అడ్డంగా వేశారు. కాయిలులో మిగిలిన శక్తి బోర్డు మీదికి ఉరక్కుండా ఆ జంటలో ఇంకిపోయింది. పుస్తకంలో దాని పేరు స్నబ్బర్. సిలబస్‌లో ఉంది, పరీక్షలో రాశారు కూడా.

తరువాత తండ్రి రెండో ప్రశ్న వేశాడు. నీళ్లు ఆగి మోటరు బందైనప్పుడు ఇంగ్లిషులో మెసేజ్ వచ్చింది. ‘ఇది నేను సదువుతనారా? ఫోను మోగాలె.’ జడ్చర్ల అమ్మాయికి ఫోన్ పోయింది. ఆమె ఇంట్లోంచే కోడు మార్చి పంపింది. ఇప్పుడు నీళ్లు ఆగితే స్టార్టరే తండ్రికి మిస్‌డ్ కాల్ ఇస్తుంది. పొలం గట్టున కూర్చున్నవాడు జేబులో ఫోను ఒక్కసారి మోగి ఆగితే చాలు, తెర చూడకుండానే సంగతి గ్రహిస్తాడు. ఉత్తరకుమారుడు మొదటిసారి ఒక పనికొచ్చే పని చేశాడు. బోరు ఎన్ని నిమిషాలు పోసింది, ఎన్ని నిమిషాలు ఆగింది అని గట్టున కూర్చుని పొద్దుగూకేదాకా రాశాడు. ఆ కాగితం చూసే ఎంతసేపటికి మళ్లీ మోటరు వెయ్యాలో కోడులో పెట్టారు. బైండు చేసిన రికార్డులో ఇందులో ఒక్క పేజీ కూడా లేదు.

ఫలశ్రుతి

ఈ పర్వంబును నిత్యమును పఠించు వారికి లూజ్ కాంటాక్టు మొదటి వెదుకులాటలోనే దొరుకును. మల్టీమీటరు బీప్ శబ్దంబు తప్పక వినవచ్చును. కెపాసిటర్ మైనస్ కాలు మైనస్‌కే చేరును. గ్రౌండు తీగ ముందు కలిపి తక్కిన తీగలు తరువాత కలుపువారికి సర్వసిద్ధులు కలుగును. తయారు ప్రాజెక్టు కొన్నవారికి దాని వారంటీ వైవా గది గుమ్మంతో తీరును. బల్బు చూపిన వారికి మార్కులును, నీళ్లు చూపిన వారికి మార్కులతో పాటు బస్తాడు బత్తాయిలును లభించును. మేస్త్రి మాట విన్నవారికి రెంటితో పాటు ఇంజనీరింగు కూడా వచ్చును.

నాలుగేళ్ల పొడుగునా పవర్ సప్లై ఉండుగాక, సప్లీలు లేకుండుగాక. తథాస్తు.